తుప్పు పట్టిన మిలిటరీ లారీ క్యాబిన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి షెవర్లే మిలిటరీ లారీ ఒకటి ఇటీవల మా కుటుంబం చేతికి వచ్చింది. కెనడాలో తయారైన 15 హండ్రెడ్‌వెయిట్ (సుమారు 760 కిలోల సరకు మోసే) బండి. యుద్ధం ముగిశాక వేలంలో కొన్నవారు దానిని చాలాకాలం కలప లాగడానికి వాడుకుని, ఆ తరువాత షెడ్డు వెనుక వదిలేశారు. ఛాసిస్ గట్టిగానే ఉంది, ఇంజిను తిరుగుతోంది. క్యాబిన్ మాత్రం దారుణంగా ఉంది. ముందు అద్దాల కింది రేకు వేలితో నొక్కితే పొలుసులుగా రాలుతోంది, కాళ్లు పెట్టుకునే చోట కింద నేల కనబడుతోంది, తలుపుల కింది అంచులు లేనే లేవు, సీటు వెనుక మూలలు తినేసినట్టు ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ చూసి, ఇదంతా విప్పి పారేసి 16 గేజి రేకుతో కొత్త క్యాబిన్ కట్టుకోవడమే చౌక అన్నారు. చిల్లుల మీద రేకు ముక్కలు అతికి పుట్టీ పెడితే చాలని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇద్దరి మాటనూ పక్కన పెట్టండి. మొదటి మేస్త్రీ చెప్పినట్టు చేస్తే మీ దగ్గర పాత ఛాసిస్ మీద కొత్త లారీ మిగులుతుంది. రెండోవారు చెప్పినట్టు చేస్తే కొద్ది వానాకాలాలలోనే చిల్లులు మళ్లీ బయటపడతాయి. తుప్పు తిన్నంత మేర రేకును కోసి తీసివేసి, అదే మందం, అదే వంపు ఉన్న కొత్త రేకును అంచుకు అంచు కలిపి అతకడం, ఆరోగ్యంగా ఉన్న పాత రేకు జోలికి పోకుండా ఉండడం మీ బండికి కావలసిన పని.

ముందుగా మీ దగ్గర ఉన్నది ఏ రకం క్యాబినో గుర్తించండి. యుద్ధకాలంలో కెనడా 8 లక్షలకు పైగా సైనిక వాహనాలను తయారు చేసింది. వాటిలో దాదాపు సగం కెనడియన్ మిలిటరీ పాటర్న్ అనే నమూనాకు చెందిన లారీలే. ఫోర్డ్ సంస్థ విండ్సర్‌లోనూ, జనరల్ మోటార్స్ ఒషావాలోనూ వాటిని తయారు చేశాయి. చాలా బండ్లు విడిభాగాలుగా పెట్టెలలో ఓడలెక్కి, చేరిన దేశంలోనే బిగింపు పూర్తి చేసుకున్నాయి. ఓడలో తక్కువ చోటు ఆక్రమించడానికీ, ఉన్న పొడవులోనే సరకు తొట్టికి ఎక్కువ స్థలం దక్కడానికీ బానెట్‌ను పొట్టిగా చేసి, ఇంజినును డ్రైవరుకూ పక్క మనిషికీ నడుమకు జరిపారు. ఈ లారీలకు 11, 12, 13 అనే నంబర్లతో మూడు రకాల క్యాబిన్లు వచ్చాయి. ముందు అద్దాల పై అంచు ముందుకు, కింది అంచు లోపలికి వాలి ఉంటే మీది 1942 ప్రాంతం నుంచి వచ్చిన 13వ నంబరు క్యాబిన్. ఆ వాలును అందం కోసం పెట్టలేదు; అద్దం మీద పడిన ఎండ తళుకు పైన ఎగిరే విమానాలకు కనబడకుండా అద్దాన్ని నేలవైపు తిప్పారు. తుప్పు సంగతి చూసేటప్పుడు ఈ వాలును మరిచిపోకూడదు. అద్దపు చట్రం కింది అంచు లోపలికి జరిగి ఉండడం వల్ల దాని ముందు దుమ్మూ ఆకులూ చేరే గట్టు ఒకటి ఏర్పడుతుంది. ఆ చెత్త వాననీటిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. మీరు రాసిన మొదటి చిల్లు అక్కడిదే.

కొత్త క్యాబిన్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మేస్త్రీ చెప్పిన చౌక రేకు ఖరీదు వరకే నిజం. అసలు క్యాబిన్ రేకులను పెద్ద ప్రెస్సులలో గట్లు, మడతలు, గుండ్రటి మూలలతో ఒత్తారు. బల్ల మీద మడిచిన సాదా రేకుకు ఆ బిగువు రాదు. పైగా పాత అద్దపు చట్రం, తలుపు బందులు, తాళాలు, సీటు పట్టీలు కొత్త క్యాబిన్‌లో కుదరక, ఒక్కొక్కటీ మళ్లీ చేయించవలసి వస్తుంది. చట్టం వైపు నుంచి కూడా ఒక చిక్కు ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజినులోగానీ భారీ మార్పులు జరగని వాహనాలనే గుర్తిస్తాయి. అవి ముఖ్యంగా ద్విచక్ర వాహనాలనూ సొంత వాడకపు నాలుగు చక్రాల బండ్లనూ దృష్టిలో పెట్టుకుని రాసినవి కనుక, మీ లారీని ఏ తరగతి కింద నమోదు చేస్తారో రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోకుండా కోత మొదలుపెట్టకండి.

పైన ముక్క అతికి పుట్టీ పెట్టడం ఇంకా హానికరం. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. రెండు రేకుల మధ్య చిక్కుకున్న తుప్పు ఉబ్బి, వాటిని అక్కడక్కడ కలిపి ఉంచే స్పాట్ వెల్డింగ్ చుక్కలను సైతం ఊడదీస్తుంది. మీరు సీటు వెనుక మూలలలో చూస్తున్న ఉబ్బు అదే. పాత రేకు మీద కొత్త రేకును కప్పితే నీరు నిలిచే సందు మరొకటి పుడుతుంది. పుట్టీ నీటిని పీల్చుకుంటుంది కనుక ఆ సందును అది మూయదు, తడిపి ఉంచుతుంది.

ఒక్క బోల్టు కూడా విప్పకముందే చేయవలసిన పని ఒకటుంది. బండిని చదునైన చోట నిలిపి, క్యాబిన్ పైకప్పు మీద, అద్దాల చట్రం మీద, తలుపు కిటికీ అంచుల మీద బిందెతో నీళ్లు నెమ్మదిగా పోస్తూ, ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి నీరు ఎక్కడ దిగుతోందో, ఎక్కడ నిలుస్తోందో సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. తుప్పు ఉన్న చోటికీ నీరు దిగే చోటికీ మధ్య చాలా దూరం ఉండవచ్చు. పైకప్పు అతుకులో దిగిన నీరు నిలువు పట్టీ లోపలి నుంచి జారి, మూలలో చేరి, మూలను తింటుంది. మూలను బాగుచేసి పైకప్పు అతుకును వదిలేస్తే మీ ఖర్చు వృథా. తలుపుల సంగతి ఇంకా తేలిక. కిటికీ అద్దం పక్కనుంచి నీరు లోపలికి దిగడం సహజమే, అది కింది రంధ్రాల ద్వారా బయటికి పోవాలి. ఆ రంధ్రాలు దశాబ్దాల మట్టితో, పైన పూసిన రంగులతో మూసుకుపోతే తలుపు తొట్టిలా మారి కింది అంచు పోతుంది. కొత్త అంచు అతికేటప్పుడు ఆ రంధ్రాలు మళ్లీ పెట్టడం మరిచిపోయే పనివారే ఎక్కువ. దగ్గరుండి పెట్టించండి.

తరువాత కొలతలు. తలుపులు బిగించి ఉండగానే వాటి చుట్టూ సందులను, తలుపు ఖాళీలో మూల నుంచి మూలకు ఉన్న దూరాలను, అద్దపు చట్రం మూలలను కొలిచి రాసుకోండి. ప్రతి వైపు నుంచీ ఫొటోలు తీయండి. నేల రేకు, నిలువు పట్టీల అడుగు భాగం కోస్తే క్యాబిన్ తన ఆకారాన్ని నిలుపుకోలేదు. కనుక కోతకు ముందే తలుపు ఖాళీలకు అడ్డంగా, క్యాబిన్ లోపల ఈ పక్క నుంచి ఆ పక్కకు, చదరపు గొట్టాలను తాత్కాలికంగా వెల్డింగ్ చేయించాలి. వీలుంటే క్యాబిన్‌ను ఛాసిస్ మీదే, దాని అసలు బోల్టుల మీదే ఉంచి నేల భాగం పూర్తి చేయండి. బల్ల మీద తిన్నగా కనబడిన క్యాబిన్ ఛాసిస్ మీదికి ఎక్కాక తలుపు మూసుకోకపోవడం ఈ పనిలో అతి సాధారణమైన కష్టం. పెట్రోలు ట్యాంకులు విప్పి దూరంగా పెట్టి, బ్యాటరీ తీసివేసిన తరువాతే ఏ వెల్డింగ్ అయినా చేయాలి.

కోత ఎంత వరకు? స్క్రూడ్రైవరుతో పొడుస్తూ పోయి, పొడవలేని చోటు వచ్చాక మరో అంగుళం దాటి కోయండి. ఆ అంచు దగ్గర తుప్పు లేని చోట క్యాలిపర్‌తో పాత రేకు మందం కొలిచి, అదే మందం సీఆర్ షీటు (జింకు పూత లేని సాదా ఉక్కు రేకు) కొనండి. 18 గేజి అంటే 1.2 మిల్లీమీటర్లు, 16 గేజి 1.6 మిల్లీమీటర్లు. మందపాటి కొత్త రేకును పలుచని పాత రేకుకు అతకబోతే వేడికి పాత అంచు కరిగి జారిపోతుంది. జీఐ రేకు (జింకు పూత ఉన్న రేకు) తుప్పు పట్టదని కొందరు సలహా ఇస్తారు. వెల్డింగ్ వేడికి దాని మీది జింకు కాలి వచ్చే పొగ పీలిస్తే పనివాడికి జ్వరం, వణుకు వస్తాయి. పైగా అతుకు చుట్టూ ఆ జింకు పూత ఎలాగూ పోతుంది. సీఆర్ షీటే మేలు.

ముందు అట్టతో నమూనా కోసి, చోటులో సరిచూసుకుని, దాని ప్రకారం రేకు కత్తిరించండి. రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా తాకీ తాకనట్టు ఉండాలి. 0.8 మిల్లీమీటర్ల తీగతో సీఓటూ వెల్డింగ్ యంత్రం మీద ఒక చుక్క ఇక్కడ, మరొక చుక్క అక్కడ పెడుతూ, మధ్య మధ్య రేకు చల్లారనిస్తూ ఖాళీలు నింపుకు రావాలి. ఒక చివర నుంచి మరో చివరకు ఒకే గీతగా లాగితే చదునైన రేకు అప్పడంలా వంకర తిరుగుతుంది. పాతతరం టింకర్లు గ్యాస్ వెల్డింగ్‌తోనే అతికి, వేడి మీదే సుత్తితో చక్కదిద్దేవారు. ఆ చెయ్యి తిరిగిన మనిషి దొరికితే యంత్రం గురించి పట్టుబట్టకండి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారిలో అలాంటి వారు ఉంటారు. వారికి కొత్త క్యాబిన్ కట్టమని కాక, ముక్క ముక్కకూ ఎంత కూలి అని మాట్లాడుకోండి.

పని వరుస విషయంలో రాజీ పడకండి. నేల, నిలువు పట్టీల అడుగులు మొదట. సీటు వెనుక మూలలు తరువాత. అద్దాల కింది గట్టు, పైకప్పు అతుకు ఆ తరువాత. తలుపు రేకులు అన్నిటికన్నా చివర. తలుపును ముందే ముస్తాబు చేసి, దానికి సరిపడేలా క్యాబిన్‌ను లాగడం తలకిందుల వ్యవహారం.

ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ఇవి యుద్ధపు తొందరలో తయారైన బండ్లు. స్పాట్ వెల్డింగ్ గుంటలు, కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉన్న రేకు కొత్తగా ఉన్నప్పుడు కూడా వాటికి ఉన్నాయి. పెళ్లి ఊరేగింపు కారులాగా ప్రతి గుంటనూ పుట్టీతో నింపి నునుపు చేస్తే చూసేవారు మెచ్చుకోవచ్చు కానీ, లారీ తన ముఖం పోగొట్టుకుంటుంది.

ప్రశ్న: మా నాన్నగారి పాత మిలిటరీ లారీ క్యాబిన్‌కు చిల్లులు తక్కువే కానీ, లోపలా బయటా తుప్పు కమ్మి ఉంది. యాసిడ్ పోసి కడిగితే పోతుందని ఒకరు, శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి తుప్పు వదిలించడం) చేయించమని ఒకరు చెబుతున్నారు. సముద్రం దగ్గర ఉంటాము. ఏది మంచిది?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: యాసిడ్ అంటే బాత్‌రూములు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయితే దానిని క్యాబిన్ దగ్గరికి రానివ్వకండి. పైన కనబడే తుప్పును అది నిమిషాలలో తీసివేస్తుంది, నిజమే. అయితే అతుకులలోకి, మడతలలోకి దూరిన యాసిడ్‌ను ఎంత కడిగినా పూర్తిగా తీయలేరు. దానిలోని క్లోరైడు, మీ ఊరి సముద్రపు గాలిలోని ఉప్పు చేసే పనినే లోపల కూర్చుని చేస్తుంది. రంగు వేసిన కొన్ని నెలలకే అతుకుల వెంట గోధుమ రంగు చారలు దిగుతాయి. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న ద్రావణాలు వేరు. అవి తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తాయి. గీకి, బ్రష్ చేసి, పొలుసులు పోయిన తరువాత మిగిలిన పలుచని మరకల మీద వాడి, డబ్బా మీద రాసినట్టు కడిగి ఆరబెడితే మంచివే. లావు తుప్పు మీద పూస్తే పై పొర మాత్రమే మారి అడుగున తుప్పు అలాగే ఉంటుంది.

శాండ్ బ్లాస్టింగ్ క్యాబిన్ మొత్తానికి అక్కరలేదు. నేల, నిలువు పట్టీలు, తలుపు లోపలి చట్రాలు, బ్రాకెట్లు వంటి గట్టి భాగాలకు దానికి మించినది లేదు. పైకప్పు, తలుపు బయటి రేకు వంటి చదునైన వాటి మీద ఎక్కువ ఒత్తిడితో కొడితే రేకు సాగి, పొంగిపోతుంది; అది మళ్లీ తిన్నగా రావడం చాలా కష్టం. వాటిని రంగు తీసే ద్రావణంతో, వైర్ బ్రష్‌తో చేత్తో శుభ్రం చేయించండి. బ్లాస్టింగ్‌కు ఏటి ఇసుక వాడే షెడ్డుకు బండిని ఇవ్వకండి. ఆ ఇసుక ధూళి పనివారి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే నయం కాని జబ్బును తెస్తుంది. ఇసుక బదులు గార్నెట్ అనే రాతి పొడి వాడేవారిని వెతకండి. ఆ కాలపు రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ కనుక, ఇంట్లో గీకేటప్పుడు కూడా తడిపి గీకడం, ముక్కుకు తువాలు కాక సరైన మాస్కు పెట్టుకోవడం, పిల్లలను దూరంగా ఉంచడం తప్పనిసరి.

విశాఖ గాలిలో, బ్లాస్టింగ్ అయిన రేకు కొన్ని గంటలలోనే మళ్లీ ఎర్రబడుతుంది. అదే రోజు ప్రైమర్ పడేలా ముందే మాట్లాడుకోండి. వాన ముసురు ఉన్న రోజున పని పెట్టుకోకండి. ప్రైమర్‌గా రెడ్ ఆక్సైడు చాలదు. దాని గుండా తేమ దిగుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్‌ను నేరుగా రేకు మీద వేయించి, దాని పైన అతుకులన్నిటికీ సీమ్ సీలర్ (సందులు మూసే ముద్ద) పట్టించండి. పుట్టీ ఎక్కడైనా తప్పకపోతే ఎపాక్సీ పైనే పెట్టాలి, వట్టి రేకు మీద కాదు. చేయి దూరని తలుపు లోపలి భాగాలలో, నిలువు పట్టీలలో రంగు అంతా అయ్యాక మైనం కలిసిన తుప్పు నిరోధక ద్రవాన్ని పొడవాటి గొట్టంతో పిచికారీ చేయించండి.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఉంటున్నాను. ఒక పొలం నుంచి బ్లిట్జ్ లారీ కొన్నాను. మీరు చెప్పే కెనడా లారీనే ఇక్కడ ఆ పేరుతో పిలుస్తారు. తుప్పు భాగాలను మొలాసిస్‌లో (చక్కెర తయారీలో మిగిలే చెరకు మడ్డిలో) నానబెట్టమని ఇక్కడివారు అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, ఆడిలైడ్

జవాబు: నమ్మవచ్చు. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపి, ప్లాస్టిక్ తొట్టిలో భాగాన్ని పూర్తిగా ముంచి ఉంచితే, తుప్పు పట్టిన దానిని బట్టి వారం నుంచి మూడు వారాలలో తుప్పు కరిగి నల్లటి శుభ్రమైన లోహం మిగులుతుంది. మంచి ఇనుమును అది పెద్దగా ముట్టుకోదు. తలుపు బందులు, తాళపు భాగాలు, ముందు జాలీ, బ్రాకెట్లు, అద్దాల చట్రాలు వంటి వాటికి ఇది చక్కటి పద్ధతి. అల్యూమినియం, జింకు భాగాలను మాత్రం అందులో వేయకండి, కరిగిపోతాయి. కంపు భరించలేనిది కనుక తొట్టిని ఇంటికి దూరంగా పెట్టండి. బయటికి తీసిన వెంటనే నీటిని ధారగా కొట్టి కడిగి, ఎండబెట్టి, ప్రైమర్ వేయాలి. తెలుగు రాష్ట్రాలలోని పాఠకులు ఈ పద్ధతికి దిగబోయే ముందు, మొలాసిస్ అమ్మకం, నిల్వల మీద ఎక్సైజు ఆంక్షలు ఉంటాయని గుర్తుంచుకోవాలి.

మన వైపు చిన్న భాగాలకు చాకలి సోడా పద్ధతి సులువు. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు నెగటివ్ తీగను తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగను పనికిరాని ఇనుప ముక్కకు తగిలించి ముంచితే తుప్పు వదులై ఊడుతుంది. ఇనుప ముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది. అది ఎన్నడూ వద్దు. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయట చేయాలి. ఛార్జరు ఆపకుండా నీటిలో చేయి పెట్టకూడదు.

మీకు మరొక వెసులుబాటు ఉంది. మీ దేశపు పొలాలలో ఈ లారీల శిథిలాలు ఇంకా దొరుకుతాయి. తలుపు సగానికి పైగా పోయి ఉంటే ముక్కలు అతకడం మానుకుని, అదే నంబరు క్యాబిన్ తలుపును మరో బండి నుంచి వెతికి తెచ్చుకోండి. 11, 12 నంబర్ల తలుపులు 13వ దానికి సరిపోతాయని అమ్మేవారు చెప్పినా, మీ క్యాబిన్‌కు ఆనించి చూడనిదే డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: క్యాబిన్ రేకు పని పూర్తయింది. సైన్యపు ఆలివ్ గ్రీన్ రంగు, తలుపు మీద తెల్ల నక్షత్రం, పైకి బాణం గుర్తున్న నంబరు వేయించాలని మా అబ్బాయి ముచ్చట పడుతున్నాడు. అభ్యంతరం ఉందా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. పైకి బాణం గుర్తుతో మొదలయ్యే నంబరు మన సైన్యపు వాహనాలది. దానిని సొంత బండికి నంబరు ప్లేటుగా పెట్టడం కూడా కుదరదు.

మీ అబ్బాయి నిరాశ పడనవసరం లేదు, ఎందుకంటే యుద్ధకాలపు లారీలన్నీ ఆకుపచ్చగా లేవు. 1942 నుంచి 1944 ఆరంభం వరకు బ్రిటిష్ సైన్యంలో ముదురు గోధుమ రంగే ప్రామాణికం. ఆలివ్ డ్రాబ్ అనే మసక ఆకుపచ్చకు మారమన్న ఉత్తర్వు 1944 ఏప్రిల్‌లో వచ్చింది. ఎడారిలో తిరిగిన బండ్లకు లేత ఇసుక రంగు ఉండేది. కనుక 1943 నాటి బండికి గోధుమ రంగు చరిత్రకూ సరిపోతుంది, చట్టానికీ సరిపోతుంది. అయితే పుస్తకంలో చూసి రంగు ఎంచుకునే ముందు మీ బండినే అడగండి. డ్యాష్‌బోర్డు వెనుక, సీటు కింద, బ్రాకెట్లు విప్పిన చోట ఎండ తగలని పాత రంగు మిగిలి ఉంటుంది. నాణెమంత చోట సన్నని వాటర్ పేపరుతో తడి చేస్తూ మెల్లగా రుద్దితే, చెట్టు మొదలులోని వలయాలలాగా ఒక్కొక్క పొరా బయటపడుతుంది; రేకుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఫ్యాక్టరీ రంగు. క్యాబిన్ మొత్తం గీకించడానికి ముందే ఈ పని జరిగి ఉంటే బాగుండేది. అయినా ఏ మూలైనా మిగిలి ఉంటుంది, వెతకండి.

తెల్ల నక్షత్రం యుద్ధపు చివరి సంవత్సరాలలో మిత్రరాజ్యాల గుర్తు. మీ పొరలలో దాని జాడ కనబడితేనే వేయించండి. బానెట్ పక్కల, అప్పటి సైన్యం తన జాబితా కోసం బండికి వేసిన పాత నంబరు బయటపడితే అది ఇంకా విలువైనది. 15 హండ్రెడ్‌వెయిట్ బండ్లకు ఆ నంబరు జెడ్ అక్షరంతో, పెద్ద లారీలకు ఎల్ అక్షరంతో మొదలయ్యేది. దాని ఫొటో తీసి, ట్రేసింగ్ కాగితం మీద అక్షరాల ఆకారాన్ని ఎత్తుకుని, అదే కొలతతో స్టెన్సిల్ కోయించి బానెట్ మీద మళ్లీ వేయించుకోవచ్చు. రవాణా శాఖ ఇచ్చిన నంబరు ప్లేటు మాత్రం దాని చోట అది ఉండాలి.

రంగు మెరుపు లేనిదే వేయించండి. మెరుపు లేని రంగు తేమను సులువుగా లోపలికి రానిస్తుంది కనుక అడుగున ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు తప్పనిసరి. హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపిన రంగుల నుంచి వచ్చే ఆవిరి ఉబ్బసానికి దారితీస్తుంది. అటువంటి రంగును ఇంటి షెడ్డులో మీ అబ్బాయి చేత కొట్టించకుండా, గాలి సరఫరా ఉన్న బూత్‌లో వేసేవారికి అప్పగించండి.